గోడ మీది పిన్ని

వెనకగదిలో చదువు మొదలైంది. ముందు కొట్టులో గల్లా దగ్గర కూర్చున్న అక్క, తెర అవతలి నుంచి వస్తున్న ఒక్కో మాటనూ తూకం వేసి వింటోంది.

కొట్టు ఆమెది. ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా ఆమెను అక్క అనే పిలుస్తారు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటలు, రంగురంగుల పాచికలు, అరచేతిలో ఇమిడే బొమ్మ సైనికులు ఆమె సరుకు. వాటన్నిటిలోకీ కొట్టును నిలబెట్టింది ఒక్కటే ఆట. గెలుపోటములు లేని ఆట అది. తలా ఒక పాత్రను కల్పించుకుని, దాని బలాలూ లోపాలూ ఒక కాగితం మీద రాసుకుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో బతుకుతారు, ఇరుకున పడ్డప్పుడు పాచికలు వేసి తేల్చుకుంటారు. నియమాలన్నీ ఒక లావుపాటి పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకానికే ఇప్పుడు కొత్త ఎడిషన్ వచ్చింది. అమ్మకం రేపటి నుంచి. కొట్టువాళ్లు చూసుకోవడానికి కంపెనీ ముందుగా పంపిన ఒక్క ప్రతి వెనకగదిలో చేతులు మారుతోంది.

ఆ గదికి కొన్ని కట్టుబాట్లున్నాయి. ఆటలో ఎవరి పాత్ర అయినా చచ్చిపోతే ఆ కాగితాన్ని గోడకు గుచ్చుతారు. గుచ్చినదాన్ని మళ్లీ ఎవరూ తియ్యకూడదు. కొత్త ఎడిషన్ వచ్చినప్పుడు అందరూ కూర్చుని, మనిషికో పేజీ చొప్పున, వంతులవారీగా పైకి చదవాలి. తన వంతు రాకుండా ఎవరూ పేజీలు తిప్పి చూడకూడదు.

తిప్పకపోయినా ఆ పేజీ వస్తుంది. అక్క భయం అదే.

"నాశనం చేశాడు! ఆటని నిలువునా నాశనం చేశాడు!" అని లోపల ఎవరో అరిచారు. ఎవరో ఏమిటి, మైకే. ఆట మీద వీడియోలు చేసి నెట్‌లో పెట్టే కుర్రాడు. గుసగుస కూడా వీధి చివరికి వినిపిస్తుంది కాబట్టి ఆ పేరు.

"చావు నియమం ఇంకా రానేలేదు కదరా, అప్పుడే ఏం గగ్గోలు?" అంది నర్సు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చి కూర్చున్న మనిషి, గొంతులో నిద్ర ఉంది.

"ముందే ఏడుస్తున్నా. అది వచ్చాక ఏడవడానికి ఓపిక ఉండదు."

"నీకా? నువ్వు ఏడ్చి కూడా వీడియో పెడతావు."

నవ్వులు. అక్క నవ్వలేదు.

చావు నియమం గురించి నెలల కిందటే బయటికి పొక్కింది. ఇన్నాళ్లూ ఈ ఆటలో చచ్చినవాడు చచ్చినట్టే. కొత్త పుస్తకంలో అలా కాదు. తోటివాడు తన బలంలో కొంత శాశ్వతంగా వదులుకుంటే చచ్చినవాడు తిరిగి రావచ్చు. అంతే, ఆడేవాళ్ల లోకం అంటుకుంది. ఇన్నేళ్లు ప్రాణం పెట్టి ఆడామే, ఆ ప్రాణానికి విలువ లేకుండా చేశారన్నారు. ఆ నియమం రాసిన మనిషి కలంపేరు తిట్టయి కూర్చుంది. తిట్లతో ఆగితే అక్క పట్టించుకునేది కాదు, వ్యాపారంలో తిట్లు తరుగు కింద పోతాయి. కానీ పోయిన ఎడిషన్‌కి బొమ్మలు వేసినాయన సంగతి ఆమెకు తెలుసు. నచ్చలేదని ఎవరో ఆయన ఇంటి ముందున్న బండి తగలబెట్టారు. ఆయన పిల్లలు బడి నుంచి వస్తుంటే ఫొటో తీసి నెట్‌లో పెట్టారు. ఆయన ఇల్లు మారాడు, బొమ్మలు మానేశాడు. ఆ పని చేసినవాళ్లెవరో ఇప్పటికీ తెలియదు. వాళ్లూ ఏదో ఒక కొట్టులో పాచికలు కొనుక్కునేవాళ్లే కదా అనిపించినప్పుడల్లా అక్క ఎదురుగా ఉన్న మొహాన్ని ఇంకోసారి చూసేది.

ఎందుకంటే ఆ కలంపేరు వెనకున్న మనిషి ఆమె చెల్లెలు.

వెనకగదిలో ఆట నడిపేది చెల్లెలే. కంపెనీకి రాసిస్తున్న సంగతి అక్కకు తప్ప మరో పురుగుకు తెలియదు. ఈ పూట తలనొప్పి అని చెప్పి, కొట్టు మీది ఇంట్లో గడియ పెట్టుకుని కూర్చుంది. కలంపేరు ఉంది, ఊరు పేరు లేదు, ఫొటో లేదు. పొద్దున చెల్లెలు ఆ పేజీ తెరిచి చూపించేదాకా అక్క కూడా గుండె మీద చెయ్యి వేసుకునే ఉంది.

"ఇదేంటే?" అంది చదివి.

"నియమానికి ఉదాహరణ. ఆడేవాళ్లకి అర్థం కావాలి కదా."

"ఇది మన పిన్ని కాదూ?"

"పేరు మార్చానుగా."

"పేరు మారిస్తే మనిషి మారిపోతుందా? పడవ నడిపే ముసల్ది, కోట తలుపుకి వీపు ఆనించి నిలబడి, మిగతావాళ్లని పారిపొమ్మంది. చచ్చింది. ఆ బల్ల దగ్గర కూర్చున్న ఏ గాడిదయినా గుర్తుపడుతుంది!"

"నేను ఆవిణ్ని వెనక్కి తీసుకొచ్చానక్కా," అంది చెల్లెలు నేల చూపులు చూస్తూ. "అందుకే రాశా ఆ నియమం."

పిన్ని అంటే టైలర్ బాబాయ్ భార్య. ఆవిడే మొదట ఆటకు తగులుకుని, మొగుణ్ని మెషీన్ దగ్గర్నుంచి లాక్కొచ్చింది. ఆ పడవ ముసలమ్మ ఆవిడ పాత్ర. కోట తలుపు దగ్గర అది చచ్చిపోతే, ఆవిడే లేచి తన చేత్తో కాగితాన్ని గోడకు గుచ్చింది. తర్వాత ఏడాది తిరక్కుండా జబ్బు చేసి ఆవిడా పోయింది. బాబాయ్ మాత్రం ఆటకు రావడం మానలేదు. ఆ కాగితం కింది కుర్చీలోనే కూర్చుంటాడు. పైకి చూడడు.

అక్క పొద్దుటి నుంచీ బేరం నాలుగు వైపులా తిప్పి చూసింది. పేజీ చించితే చింపిన చోటు నోరెత్తి చెబుతుంది. చదువు వద్దంటే ఎందుకు వద్దంటావు అంటారు. చదవనిస్తే, ఆ ముసలమ్మ చావు సంగతి తెలిసినవాళ్లు ఈ బల్ల దగ్గరివాళ్లే కాబట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఈ పూట రాని మనిషి ఎవరని మైకుకు తట్టడానికి రెప్పపాటు చాలు, లోకానికి తట్టించడానికి ఇంకో రెప్పపాటు. పైగా అతని ఫోను స్టాండు మీద నిలబడి అంతా రికార్డు చేస్తోంది. ఆ వీడియోలు చూసి జనం వస్తారని దానికి అనుమతి ఇచ్చింది తనే. ఎటు తూచినా తరుగే. కనీసం ఇవాళ్టి గండం గడిస్తే రేపటిది రేపు చూసుకోవచ్చని చదువుకు ఒప్పుకుంది.

"అదిగో, వచ్చింది! చావు నియమం!" అన్నాడు మైకు. "ఎవరి వంతు? బాబాయ్, నీదే. గట్టిగా చదువు, ఫోనుకి అందాలి."

అక్క లేచి తెర దగ్గరికి వెళ్లింది. 

బాబాయ్ కళ్లజోడు సర్దుకున్నాడు. గుడ్డ మీద సుద్దగీత గీసినట్టు నింపాదిగా నియమం చదివాడు. మధ్యలో మైకు, నర్సు పోట్లాడుకుంటుంటే ఆగి, మళ్లీ అందుకున్నాడు. "ఉదాహరణ," అన్నాడు. అన్నాక ఆగిపోయాడు.

 అక్కకు ఆయన వేళ్లు కనబడుతున్నాయి. చూపుడువేలు అచ్చు వరస చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికి వచ్చింది.

"ఏంటి బాబాయ్, అచ్చు మాసిందా?"

"లేదు లేరా. కళ్లు," అని ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఉదాహరణ. ఒక దొంగ ఉన్నాడు. వాడు... గోడ దూకబోయి బావిలో పడి చచ్చాడు. వాడి తోడుదొంగ తన బలంలో కొంత వదులుకున్నాడు. బావిలోంచి వీడు లేచి వచ్చాడు."

ఆ పేజీలో దొంగ లేడు, బావీ లేదు. పొద్దుటి నుంచి చదివి చదివి అక్కకు ఆ పేజీ కంఠతా వచ్చేసింది. ఆయన అచ్చులో ఉన్నది వదిలేసి, లేనిది కుట్టుకుంటూ పోతున్నాడు. ముగించి, పేజీ తిప్పి, పుస్తకాన్ని నర్సు చేతికిచ్చాడు.

"ఛీ, ఉదాహరణ కూడా చచ్చుగా ఉంది," అన్నాడు మైకు. "బావిలో దొంగేంటి? దీనికి మళ్లీ ఒక రచయిత!"

కాసేపటికి టీ కోసం చదువు ఆపారు. బాబాయ్ ముందు కొట్టులోకి వచ్చి, గల్లా ముందున్న స్టూలు మీద కూలబడ్డాడు. అక్క నీళ్లిచ్చింది.  ముందు నోరు తెరిచినవాడు బేరంలో ఓడతాడని ఆమెకు బాగా తెలుసు. అయినా ఆమే ఓడింది.

"బాబాయ్, మీకు తెలిసిపోయిందిగా."

"తలుపుకి వీపు ఆనించిన ముసల్దాన్ని నేను గుర్తుపట్టకపోతే ఎవరు గుర్తుపడతారమ్మాయ్?"

"మరి ఎందుకు దాచారు?"

"ఆ బొమ్మలాయన బండి సంగతి నేనూ విన్నాను." ఆయన గ్లాసు కింద పెట్టాడు. "కానీ ఒకటి. ఇది పాత చొక్కాకి మాసిక. రేపు పుస్తకం అందరి చేతుల్లోనూ ఉంటుంది."

మెట్ల మీద అలికిడయింది. చెల్లెలు దిగివచ్చి ఆఖరి మెట్టు దగ్గర నిలబడి ఉంది. ఎంత విన్నదో గాని, కళ్లు బాబాయ్ మీదే ఉన్నాయి.

"తప్పు చేశానా బాబాయ్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తిరిగొచ్చాక ఆవిడ అందరికీ దణ్ణం పెట్టి, మీ మేలు మరిచిపోను అన్నట్టు రాశావు. మీ పిన్ని అలా అంటుందా? ఎందుకింత ఆలస్యం చేశారు సన్నాసుల్లారా అని తిడుతుంది గాని!"

చెల్లెలు నవ్వబోయి ఏడ్చింది. "ఆవిడ లేకుండా బల్ల దగ్గర కూర్చోలేకపోయాను బాబాయ్. రాసేశాను."

"రాసింది... నువ్వా?"

ఆ గొంతు ఈ ముగ్గురిలో ఎవరిదీ కాదు. తెర పట్టుకుని మైకు నిలబడి ఉన్నాడు, చేతిలో ఫోను. జీవితంలో మొదటిసారి అతని మాట గది దాటలేదు.

అక్క గల్లా వెనక నుంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. అతనికీ చెల్లెలికీ మధ్య నిలబడింది. "ఒరేయ్, విను. నీకేం కావాలో చెప్పు. ఏదైనా సరే. ఆ ఫోను మాత్రం జేబులో పెట్టు."

"నాకేం వద్దక్కా," అన్నాడు మైకు.  "అక్కా, నేను పొద్దున ఒక పని చేశాను."

"ఏం పని?"

"పుస్తకం ఇక్కడ పెట్టి నువ్వు లోపలికి వెళ్లావు చూడు, అప్పుడు ఆఖరి పేజీ చూశా. నియమాలు కావుగా, కృతజ్ఞతలే కదా, చూస్తే తప్పేంటి అనుకున్నా. 'మా వెనకగది గోడకు' అని ఉంది. మన గోడ లోకమంతా నా వీడియోల్లో చూసిందే కదా. ఎగిరి గంతేశా. ఫొటో తీసి పెట్టేశా. ఈ నియమం రాసినవాళ్లు మా కొట్టుకి వచ్చేవాళ్లే, ఎవరో పట్టేస్తాం అని."

అక్క చెల్లెలి వైపు తిరిగింది. చెల్లెలు తల దించుకుంది. ఆ పేజీ కూడా తనే రాసింది, చూపించలేదు. అక్క సరుకంతా తడిమి చూసి, ఆఖరి అట్ట దగ్గర మాత్రం చూడలేదు.

"తీసెయ్ అయితే!"

"ఎప్పుడో తీసేశా. ఎవరెవరో దాచుకున్నారు, ఇంకెవరో పెట్టారు." చేతిలో ఫోనుకు ఆగకుండా మెసేజులు వస్తున్నాయి. "పొద్దుటి నుంచి పేరు చెప్పు, పేరు చెప్పు అని. కొందరు కొట్టు ఎక్కడో అడుగుతున్నారు. కొందరు అడగట్లేదక్కా. తెలుసు అంటున్నారు. నేను సరదాగానే... నేను తిట్టింది నియమాన్ని. చెల్లెమ్మని కాదు."

"నిప్పు నువ్వే పెట్టి, ఇప్పుడు ఇల్లు వేరే అంటావేంట్రా?" అంది అప్పుడే బయటికొచ్చిన నర్సు. అయినా ఆమె చెయ్యి అప్పటికే వెనక వీధి తలుపు గడియ మీద పడింది.

"షట్టర్ దించక్కా," అన్నాడు మైకు.

పట్టపగలు షట్టర్ దించడం అక్కకు కొత్త. అద్దాల అరలోని బొమ్మ సైనికుల మీద వెలుగు కిందికి జారుతూ జారుతూ పోయింది. చీకట్లో అందరూ ఒకచోట చేరారు. బాబాయ్ చెల్లెలి భుజం మీద చెయ్యి వేశాడు. వీధిలో ఎవరి చెప్పుల చప్పుడైనా వస్తే ఊపిరి బిగబట్టారు. అది దాటిపోతే వదిలారు. ఒకటి దాటిపోలేదు. షట్టర్ ముందు ఆగింది.

రేకు మీద వేళ్లతో మెల్లగా కొట్టారు.

"ఏమండీ, కొట్టు తీసే ఉందా?"

 మళ్లీ కొట్టారు, అంతే మెల్లగా.

అక్క లెక్క వేసుకుంది. తీయకపోతే లోపల ఎవరో దాక్కున్నారని తేలుతుంది, దాక్కున్నది ఎవరని వెతుకుతారు. వెతికేవాడికి మనిషి దొరికేదాకా ఆకలి తీరదు. దొరికితే ఆగుతాడేమో. ఆగకపోయినా, దొరికిన మనిషి మీదే పడతాడు, వెనకున్నవాళ్ల జోలికి రాడు. చెల్లెల్ని మెట్ల వైపు తోసి, షట్టర్ నడుము దాకా ఎత్తి, వంగి బయటికి వచ్చింది.

ఒక్కడే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, శుభ్రంగా దువ్విన తల. రోజూ కొట్టుకు వచ్చే వందమందిలో ఒకడిలా ఉన్నాడు.

"కొత్త పుస్తకం వచ్చిందా అండీ?"

"రేపు అమ్ముతాం."

"సరే." అతను కదల్లేదు. ఆమె వెనక చీకట్లోకి తొంగిచూశాడు. "ఆ చావు నియమం రాసినవాళ్లు ఇక్కడే ఉంటారటగా?"

"ఉంటారు," అంది అక్క. "నేనే."

లోపల చెల్లెలు "అక్కా!" అనబోయింది. ఎవరో నోరు మూసినట్టున్నారు, సగంలో తెగిపోయింది.

కోప్పడతాడనుకుంది. తిడతాడనుకుంది. దేనికి ఏం జవాబివ్వాలో సిద్ధం చేసుకునే ఉంది. అతను మాత్రం ఫోను ఎత్తి ఆమెను ఒక ఫొటో తీశాడు. తర్వాత కాస్త వెనక్కి నడిచి, పైనున్న బోర్డు కూడా వచ్చేలా ఇంకొకటి తీశాడు.

"రేపు నాకో పుస్తకం ఉంచండి," అన్నాడు.

"ఉంచుతాను. ఎవరి పేరు మీద ఉంచమంటారు?" అలవాటు కొద్దీ అడిగేసింది.

అతను నవ్వాడు. "నా పేరెందుకండీ మీకు? మీ పేరు చెప్పండి చాలు."

అక్క చెప్పింది. ఇంటిపేరుతో సహా, అతను తప్పు లేకుండా ఎక్కించుకునేలా నెమ్మదిగా చెప్పింది.