పిండిడబ్బా కింది కవర్లు

డోవీ పిండిడబ్బా కింద నాలుగు కవర్లుండేవి. ఇప్పుడు మూడే ఉన్నాయి. నాలుగోది పొద్దున్నే పోస్టుడబ్బాలో వేసొచ్చింది. అప్పట్నుంచి డబ్బా ఎత్తి మిగిలినవి లెక్కపెడుతూనే ఉంది.

యుద్ధం పనికని సర్కారు గుట్టుగా కట్టిన ఓక్‌రిడ్జ్ ఊళ్ళో ఎవరి పనేమిటో ఎవరికీ చెప్పకూడదు, మొగుడూ పెళ్ళాలైనా సరే. డోవీ ఎనిమిదో తరగతితో బడి మానేసిన పిల్ల. ఫ్యాక్టరీలో ఎత్తుబల్ల మీద కూర్చుని, ఎదుటి మీటరులో ముల్లు నడిమధ్యన నిలిచేలా మీట తిప్పుతుంది. ఆ ముల్లు దేనికో ఆమెకి తెలీదు. నేర్పినవాడికీ తెలీదేమో. మొగుడు ఆర్విల్ గొట్టాలు బిగిస్తాడు. ఏ గొట్టాలో, ఆ మాట గడప దాటి లోపలికి రాదు.

మూడు నెలల కిందట టోపీ పెద్దమనిషి ఒకడు ఆమెను పక్కకి పిలిచి, ఎవరైనా నోరు జారితే రాసి పంపమని కవర్ల కట్ట చేతిలో పెట్టాడు. పైన ఏదో బీమా కంపెనీ పేరు, అంతా ఉత్తుత్తిదే. వారం వారం "ఏమీ వినలేదు" అని రాసి రాసి డోవీకే సిగ్గేసింది. అందుకని ఈసారి, మొక్కజొన్న రొట్టె నములుతూ ఆర్విల్ అన్న మాట రాసి పడేసింది: "ఈ నెలతో మన పని తేలిపోతుంది చూడు."

పోస్టులో వేశాక గానీ బుర్ర వెలగలేదు. ఆర్విల్ ఫ్యాక్టరీ బ్యాడ్జీ లాగేసుకుంటే ఉద్యోగంతోపాటు వాళ్ళిచ్చిన ఇల్లూ పోతుంది. చంటిపిల్ల నెల్డాకి తొమ్మిది నెలలు, పళ్ళొచ్చే జ్వరం. పిల్లనెత్తుకుని ఎక్కడికి పోవాలి?

అంతలో వీధిలో పెనాల మీద గరిటెల మోత. పక్కింటి ఓపల్ సగం తలకి క్లిప్పులతో పరిగెత్తుకొచ్చింది. "మనం చేస్తున్నది బాంబంట అమ్మాయ్. జపాన్‌లో ఓ ఊరి మీద వేశారట. రేడియోలో చెప్పేశారు. ఇంక యుద్ధం నుంచి మా తమ్ముడు ఇంటికొచ్చేస్తాడు" అంటూ డోవీని పట్టుకుని గిర్రున తిప్పేసింది.

డోవీ రెండు చుట్లు తిరిగి టక్కున ఆగిపోయింది. ఆర్విల్‌కి ముందే తెలుసని ఆ ఉత్తరమే సాక్ష్యం చెబుతుంది!

ఎలాగైనా దాన్ని వెనక్కి తీసుకోవాలని, పిల్లని చంకనేసుకుని బురద మీద పరిచిన చెక్కబాట వెంట పోస్టుడబ్బా వైపు పరుగు తీసింది. దారంతా జాతరే. లావుపాటి కాపలావాడు క్యాంటీనావిడతో బురదలో చిందులేస్తున్నాడు. లారీ ఎక్కిన ఒకడు, నిన్నటిదాకా నోట రాకూడని యురేనియం అన్న మాటని కొత్తగా బూతు నేర్చిన కుర్రాడిలా అరుస్తున్నాడు. ఎవరో నెల్డా పాదం ముద్దాడి పోయారు. అంత భయంలోనూ డోవీకి నవ్వొచ్చేస్తోంది.

పోస్టుడబ్బా దగ్గర, సిగరెట్ల కోసమని వెళ్ళిన ఆర్విల్ మోచేతిదాకా చెయ్యి లోపలికి దూర్చి నిలబడున్నాడు.

"సిగరెట్లు అందులో అమ్ముతున్నారా?"

"నువ్వెందుకొచ్చావే?" అన్నాడు. చెయ్యి ఇరుక్కుపోయింది, బయటికి రాదు.

నిజం దాచడం ఇద్దరివల్లా కాలేదు. అతనికీ కవర్లిచ్చారు. పనిముట్ల పెట్టెలో దాచుకున్నాడు. తన పెళ్ళాం నిద్రలో ముల్లూ ముల్లూ అని కలవరిస్తోందని పొద్దున్నే రాసి పడేశాడు.

"కట్టుకున్నదాని మీద రాసిచ్చావా?"

"నువ్వు మాత్రం?"

డోవీ చెక్కల మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఎందుకో తెలీకపోయినా నెల్డా కూడా నవ్వింది, కొత్త పన్ను కనబడేలా.

తాళంచెవితో వచ్చిన ముసలి పోస్టుమాన్ ఆర్విల్ చేతిని లాగి విడిపించాడు. "పొద్దుట్నుంచి మీరు తొమ్మిదో జంట. ఉత్తరాలు వెనక్కివ్వను. అలాంటి కవర్లు సంచీ నిండా ఉన్నాయి. అందర్నీ తీసేస్తే రేపు ఫ్యాక్టరీకి వెళ్ళేదెవరమ్మా, నేనా?"

ఇంటికొస్తూ, ఆర్విల్ భుజం మీది పిల్లని చూసి డోవీ అడిగింది. "బాంబు వేసిన ఆ ఊళ్ళో పసిపిల్లలు కూడా ఉండుంటారా?"

అతను పిల్లని రెండో భుజం మీదికి మార్చుకున్నాడు. ఇంతలో బ్యాండువాళ్ళ లారీ వచ్చింది, ఎవరో చెయ్యి పట్టి లాగారు. ఇద్దరూ బురదలోకి దిగి ఆడారు.

శనివారం డోవీ పిండిడబ్బా ఎత్తి ఒక కవరు తీసింది. విన్నది రాయాలన్నారు కదా, రాసింది: "ఆ ఊళ్ళో పళ్ళొచ్చే పిల్లలుండేవారా అని ఒకావిడ అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు."

అడిగినవారి పేరు రాసేచోట తన పేరే రాసి, పోస్టులో వేసొచ్చింది. ఈసారి వెనక్కి తెచ్చుకోవడానికి వెళ్ళలేదు.