రెండు చేతుల తిండి

భర్త మీద ఆమెకున్న ఫిర్యాదు ఒక్కటే: ఆ మనిషి లెక్క తప్పడు. తాగుడు లేదు, పేకాట లేదు, పరాయి ఆడవాళ్ళ వంక కన్నెత్తి చూడడు. చూసినా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడానికే చూస్తాడు. పెద్ద గోదాములో సరుకు సరిచూసే ఉద్యోగం ఆయనది. పద్దెనిమిదేళ్ళలో ఒక్క పెట్టె కూడా తేడా రాలేదని పైవాళ్ళు మెచ్చుకుని గోడగడియారం బహుమతిగా ఇచ్చారు. అది హాల్లో వేలాడుతూ ఉంటుంది, ఐదు నిమిషాలు వెనకగా. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఆ లెక్కల బుద్ధిని చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రమ్మంటే రాడు. ఆరేసిన సాక్సుల్లో ఒకటి తక్కువైతే ముద్ద దిగదు. "పదకొండే ఉన్నాయి. పన్నెండోది ఏదీ?" అంటాడు, అదేదో ఆమె నంజుకుని తినేసినట్టు. ఇంత జాగ్రత్త గల మొగుడు దొరకడం అదృష్టమన్నారు పెళ్ళికొచ్చిన వాళ్ళంతా. అదృష్టం కాక మరేమిటి! సాక్సు పోతే ఆ పూటకే కనిపెట్టే మనిషి ఎంతమందికి దొరుకుతాడు?

ఇలాంటి మనిషికి నెల కిందట రక్తంలో చక్కెర పెరిగింది. రొట్టెలూ బన్నులూ మానెయ్యమన్నాడు డాక్టరు. ఆయన మానెయ్యడమే కాదు, ఇంటిల్లిపాది చేతా మాన్పించాడు. ఆ సాయంత్రమే తల్లిని వెంటబెట్టుకుని బజారుకెళ్ళి, నీలం అంచున్న లోతైన పింగాణీ గిన్నెల సెట్టు పట్టుకొచ్చాడు.

"బుధవారం పిల్లలకి బర్గర్ అలవాటు కదా, అదేం మానక్కర్లేదు. బన్ను తీసేసి, మిగతాదంతా గిన్నెలో వేసుకుని చెంచాతో తినడమే. బర్గర్ బౌల్ అంటారట. మా ఆఫీసులో అందరూ అదే" అన్నాడు. ఆ తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడి, వరం ఇస్తున్నంత ప్రసన్నంగా, "చూడు మరి, బన్ను లేదు కనక నీకు పని సగం తగ్గినట్టే!" అని కూడా అన్నాడు.

బన్ను ఎంత పనిమంతురాలో అది పోయాకే తెలిసింది ఆమెకు. అది ఉన్నన్నాళ్ళూ టమాటా వంకరగా తరిగినా కప్పిపుచ్చేది. ఖీమా ముద్ద పక్కన చితికినా తన కడుపులో దాచుకునేది. ఇప్పుడు గిన్నెలో అన్నీ బట్టబయలు. లెట్యూస్ ఆకులు కడిగి, ఒక్కొక్కటీ గుడ్డతో అద్ది ఆరబెట్టాలి, లేకపోతే అడుగున నీళ్ళు చేరి సాస్ పల్చబడుతుంది. కీరా ముక్కలు పొద్దున్నే వెనిగర్‌లో నానబెట్టాలి. ఉల్లిపాయల్ని సన్నని సెగ మీద బంగారు రంగు వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండాలి, పసిపిల్లను చూసుకున్నట్టు. చీజ్ తురమాలి. సాస్ కలపాలి. పిల్లల్లో పెద్దదానికి ఉల్లిపాయ పడదు. చిన్నదానికి ఆకు కనబడకూడదు. అత్తగారికి ఖీమా మెత్తగా ఉండాలి. ఆయనకు అన్నీ విడివిడిగా, వరసగా, ఏది ఎంతుందో తెలిసేలా పేర్చాలి. ఇంతా చేసి నాలుగు గిన్నెలూ బల్ల మీదికి చేర్చాక, ఆకులు కలిపిన పెద్ద బేసిన్‌లో అంచులకు అంటుకుని మిగిలిందేదో ఆమెది. పొయ్యి పక్కన నిలబడి, ఆ బేసిన్‌లోనే తింటుంది. బౌల్ అంటే అది, ఈతకొట్టవచ్చు.

నిలబడి తినడం కొత్తేమీ కాదు, దానికి ఆమె బాధపడదు కూడా. ఆమెను కాల్చేది వేరే ఉంది. భోజనాల గదిలో నవ్వు వినిపిస్తుంది. చిన్నది బళ్ళో జరిగిందేదో చెబుతుంది, పెద్దది దాని నెత్తిన ఒకటి మొడుతుంది, ఆయన పగలబడి నవ్వుతాడు. నీళ్ళ జగ్గు పట్టుకుని ఆమె అక్కడికి చేరేసరికి అందరూ కళ్ళు తుడుచుకుంటూ ఉంటారు. "ఏంటే, ఏంటి?" అంటే, "ఏం లేదులే అమ్మా, మళ్ళీ చెప్తే బాగోదు" అంటారు. సొంత ఇంట్లో ప్రతి జోకూ అయిపోయాక చేరే మనిషి ఆమె. ఒకనాడు జోకులన్నీ ఆమె దగ్గరే మొదలయ్యేవంటే ఈ ఇంట్లో నమ్మేవాళ్ళు లేరు. ఇప్పుడు ఆమె చతుర్లన్నీ మూకుడుకే అంకితం. పాపం, అది చిటపటలాడుతూనే ఉంటుంది, ఏదో అర్థమైనట్టు.

ఈ బుధవారం లెట్యూస్ కోసం వెళ్ళి వస్తూంటే బేకరీ తలుపు తెరుచుకుంది. అప్పుడే పొయ్యిలోంచి తీసిన బన్నుల వాసన రోడ్డు మీదికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆగిపోయింది.

డిగ్రీ ఆఖరి సంవత్సరం. వక్తృత్వ పోటీలో ఆమెకు మొదటి బహుమతి. హాస్టల్లో ఆమె గదిలోనే ఉండే స్నేహితురాలిని అందరూ కందిరీగ అనేవాళ్ళు, ఊరుకుంటే ఊరుకుంటుంది, కదిపితే వదలదు. ఆ సాయంత్రం ఇద్దరూ బస్‌స్టాపు బెంచీ మీద చెరో బర్గర్‌తో కూర్చున్నారు. వాన. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, వాళ్ళు ఎక్కడం లేదు. ఆమె పోటీలో తడబడిన ప్రిన్సిపాలుగారిని అనుకరించి చెబుతోంది. సాస్ మోచేతుల దాకా కారుతోంది. కందిరీగ నోటినిండా కుక్కుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని, "తర్వాత?" అంటోంది. "తర్వాత? ఒసేయ్, చెప్పవే, తర్వాత?"

ఎన్నేళ్ళయింది ఆమెను ఎవరైనా "తర్వాత?" అని అడిగి! తర్వాత ఏం వండుతావు అని కాదు. ఉత్త "తర్వాత?" అది.

అప్పుడు గమనించలేదు కానీ ఇప్పుడు బేకరీ అద్దం ముందు నిలబడి తడిమి చూసుకుంటే తెలిసింది. బర్గర్ తినడానికి రెండు చేతులూ కావాలి. ఒకటి వదిలితే సగం ఒళ్ళో పడుతుంది. అది చేతుల్లో ఉన్నంతసేపూ ఆ మనిషిని ఎవరూ ఏమీ అందించమనలేరు. చెంచాతో తినే తిండి అలా కాదు, ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీయే. ఆ ఖాళీ చెయ్యి ఈ లోకం సొత్తు.

"ఎన్ని కావాలమ్మా? ఆరు ఉన్న ప్యాకెట్టు ఇవ్వనా?" అన్నాడు బేకరీ అతను.

"ఒక్కటి."

"ఒక్కటేనా?"

"ఒక్కదాన్నే కదా" అందామె. అతనికి ఏమర్థమైందో తెలియదు, కాగితంలో చుట్టి ఇచ్చాడు. దాన్ని లెట్యూస్ అడుగున దాచి తెచ్చుకుంటూంటే, క్లాసు ఎగ్గొట్టి పారిపోతున్నంత సరదా వేసింది.

ఎప్పటిలాగే కడిగింది, అద్దింది, తరిగింది, తురిమింది. నాలుగు గిన్నెలూ నాలుగు రుచుల ప్రకారం నింపింది. ఎప్పుడూ లేనిది, ఖీమాలో ఒక గుప్పెడు ముందే తీసి పక్కన పెట్టింది. దాన్ని అరచేతుల మధ్య గుండ్రంగా తట్టి పెనం మీద వేసింది. కారిన కొవ్వులోనే బన్ను రెండు ముక్కలూ బోర్లించి కాల్చింది. ఉల్లిపాయ ఎక్కువ, చీజ్ ఎక్కువ, సాస్ మరీ ఎక్కువ వేసుకుంది. తనకు ఏది ఎక్కువ ఇష్టమో చేతులకు ఇంకా గుర్తుంది.

గిన్నెలు బల్ల మీద పెట్టింది. మళ్ళీ లోపలికి వెళ్ళి తన పళ్ళెం తెచ్చుకుంది. ఐదో కుర్చీ మీద మడతపెట్టాల్సిన బట్టల గుట్ట ఉంటుంది, నెలల తరబడి. దాన్ని తీసి సోఫాలో పడేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

కుర్చీ కిర్రుమంది. నాలుగు చెంచాలు ఆగాయి.

"ఏంటి, ఏమైనా కావాలా?" అన్నాడు ఆయన.

"లేదు. తింటున్నా."

"అది... బన్నా?"

"ఒక్కటే లెండి."

"మనింట్లో బన్ను వద్దనుకున్నాం కదా!"

"వద్దన్నది మీకు. డాక్టరు నన్నసలు చూడనే లేదు."

పెద్దది కిసుక్కుమంది. అత్తగారు గిన్నెలోకి వంగి ఆకుల్లో ఏదో వెతకసాగింది. ఆయన కాసేపు చూసి, అలవాటు ప్రకారం, "సరే, ఆ సాస్ సీసా ఇటు తీసుకురా" అన్నాడు. ఆమె బర్గర్ పట్టుకున్న రెండు చేతులూ కాస్త పైకెత్తి చూపించింది, అంతే. ఆయన అటూ ఇటూ చూసి, లేచి వెళ్ళాడు. ఫ్రిజ్‌లో సాస్ ఏ అరలో ఉంటుందో వెతుక్కోవడానికి ఆయనకు పట్టిన సమయంలో ఆమె నాలుగు ముద్దలు వేడివేడిగా తిన్నది. సాస్ మణికట్టు దాటింది.

"అమ్మా, మోచేతికి కారుతోంది!" అంది చిన్నది, వింత చూస్తున్నట్టు. "ఇలా తినడం ఎక్కడ నేర్చుకున్నావ్?"

"బస్‌స్టాపులో" అందామె. "మా కందిరీగతో. ఆ రోజు పోటీలో మా ప్రిన్సిపాలుగారు నా పేరు పిలవబోయి తన పేరే పిలుచుకుని..."

గొంతు దానంతటదే ప్రిన్సిపాలుగారి గొంతైపోయింది, సన్నగా, ముక్కులోంచి. చిన్నదాని చెంచా నోటి దగ్గర ఆగిపోయింది.

"తర్వాత?" అంది, నోటినిండా ఖీమాతో.

నీళ్ళు తాగుదామంటే చేతులు ఖాళీ లేవు. మింగి, చెప్పసాగింది. పెద్దది మోచేతులు బల్లకు ఆనించింది. అత్తగారు వెతకడం మానేసింది. ప్రిన్సిపాలుగారు తన బహుమతి తనే పుచ్చుకోవడానికి వేదికెక్కే ఘట్టానికి వచ్చేసరికి ముసలావిడ పొలమారేంతగా నవ్వింది.

ఆయన సీసాతో వచ్చేసరికి అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఏంటి? ఏంటే?"

"ఏం లేదులే నాన్నా, మళ్ళీ చెప్తే బాగోదు" అంది పెద్దది.

ఆయన ముఖం చిన్నబోయింది. కూర్చుని, సాస్ పోసుకుని, కాస్త విసుగ్గా, "అది కాదు, సాస్ అంతా ఒంటికి పూసుకుంటూ ఎందుకీ అవస్థ? అందర్లాగే గిన్నెలో తినొచ్చుగా" అన్నాడు.

"ఏ గిన్నెలో?" అందామె.

మామూలుగానే అంది. ఉప్పు ఎక్కడుందని అడిగినట్టు.

ఆయన చెంచాతో చూపించబోయాడు. చెంచా గాల్లోనే కదిలింది: తల్లి ముందు నీలం అంచు, పెద్దదాని ముందు, చిన్నదాని ముందు, తన ముందు. చెంచా ఆమె దాకా వచ్చి నిలిచిపోయింది. పద్దెనిమిదేళ్ళలో ఒక్క పెట్టె తేడా రాని మనిషి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"సెట్టంటే నాలుగే వస్తాయి" అన్నాడు, గిన్నెతో చెబుతున్నట్టు.

"ఎందుకురా అబద్ధం?" అంది అత్తగారు. "ఆరు గిన్నెల సెట్టూ చూపించాడుగా షాపువాడు. నాలుగు చాల్లే అన్నది నేను. నాకు మాత్రం ఎలా తోస్తుంది? మీ నాన్న పోయి కుర్చీ ఖాళీ అయితే గానీ నేను ఈ బల్ల దగ్గర కూర్చోలేదు." ఆవిడ తన గిన్నెను రెండు చేతులతో కోడలి వైపు జరిపింది. "తప్పేనమ్మాయ్."

ఆమె తల అడ్డంగా ఊపింది. గిన్నె తీసుకోలేదు. తీసుకోవాలంటే బర్గర్ కింద పెట్టాలి. అది మాత్రం పెట్టదలచుకోలేదు, ఈ బుధవారమే కాదు, ఏ బుధవారమూ.

హాల్లో గడియారం, వెనకబడే ఆ గడియారం, ఏడు కొట్టింది. ఆయన చెంచా కింద పెట్టాడు.

"నువ్వు అనకముందే నేను లెక్కపెట్టానమ్మా, షాపులో, వేళ్ళ మీద" అన్నాడు. మాటలు తల్లితోనే, చూపు మాత్రం సాస్ కారుతున్న ఆ రెండు చేతుల మీద. "నాకూ నాలుగే వచ్చింది. తప్పు నీది కాదు. నేనే లెక్క తప్పాను."