కోతికళ్ళ సోములమ్మ

సోములమ్మ కళ్ళు మూసుకుని కాఫీ పళ్ళు కోస్తోంది. వేళ్ళతో నొక్కి, మెత్తగా తగిలినదాన్ని తుంపి నడుముకు కట్టిన బుట్టలో వేస్తోంది. తెరిచి చూస్తే పండూ కాయా ఆకూ అన్నీ ఒకే బూడిదరంగు. పొద్దుటి మంచుకి వేళ్ళు కొయ్యబారాయి. పైన సిల్వర్ ఓక్ కొమ్మల మీద కోతులు కిచకిచలాడుతున్నాయి.

వానాకాలంలో గెడ్డ నీళ్ళు దాటుతూ తల తిరిగి పడిపోయింది. లేచేసరికి రంగులు లేవు. అంతకుముందు, ఎదుటి వాలు మీద ఆకుల చాటున ఎర్రబడ్డ ఒక్క పండును ఇక్కణ్ణుంచే చూపించేది. కోతికళ్ళ సోములమ్మ అని తోటివాళ్ళు నవ్వేవారు. ఆమెకు ఆ పేరు ఇష్టమే. మొగుడు పోయిన పదోనాడు పిల్లను వీపుకు కట్టుకుని ఈ తోటకే కోతకి వచ్చింది. ఆ పిల్లకీ ఇప్పుడు పిల్లలు.

ఈ ఏడు బుట్టలో పచ్చికాయలు పడుతున్నాయి. మేస్త్రి రవిబాబు రెండుసార్లు కసిరాడు. అందుకే మొన్న సంతనాడు అరకులో కళ్ళ శిబిరానికి వెళ్ళింది. డాక్టరమ్మ ఆమె తల వెనక తట్టి, లోపం కళ్ళలో కాదు, మెదడులో ఇక్కడ, అంది. ఆకుల్లోంచి ఎర్రపండును ఏరి చూపే చోటు దెబ్బతిందట. అది కోతులకీ ఉంటుందట. కాగితం రాసిచ్చింది. ఆ మాటలన్నీ అందులో ఉన్నాయనుకుని సోములమ్మ రవికలో దాచుకుంది.

మధ్యాహ్నం తూకం దగ్గర రవిబాబు బుట్టలో చెయ్యి పెట్టి కెలికాడు. ఆమె కాగితం తీసి ఇచ్చింది. అతను అందరికీ వినపడేలా చదివాడు.

“చూపు బాగుంది. అద్దాలు అక్కర్లేదు.”

“ఇంకేటి రాసినారు బాబూ?”

“ఇంతే. కళ్ళు బాగున్నాయి, బుద్ధే బాగోలేదు. బరువు కోసం కాయలు కలుపుతున్నావు.”

“కళ్ళు సూత్తన్నాయి బాబూ. రంగే రాటంలేదు.”

పక్క వరసలో కోసే చిన్నమ్మలు ఉండబట్టలేకపోయింది. “దానికి కనపడదు బాబూ. కళ్ళు మూసుకుని కోత్తాది, నాను సూసినాను.”

రవిబాబు నవ్వాడు. ఇదీ ఈవిడ పనిచేసే తీరు అన్నాడు. ఆ బుట్ట తూయనన్నాడు, రేపట్నుంచి రావద్దన్నాడు.

సోములమ్మ బుట్ట విప్పి చెట్టు మొదట్లో పెట్టింది. కాగితాన్ని మళ్ళీ రవికలో దోపుకుంది. కాళ్ళతో తడుముకుంటున్నట్టు వాలు దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం బుట్ట ఇంటికి చేర్చుదామని చిన్నమ్మలు వెనక్కి వచ్చింది. ఆమె అలికిడికి కోతులు బుట్ట వదిలి చెట్టెక్కాయి. బుట్టలో ఎర్రపండు ఒక్కటీ లేదు. అడుగున పచ్చికాయలు మాత్రం మిగిలి ఉన్నాయి.