ఎర్రచుక్క ఇనపగుండు

హోబర్ట్ దుకాణం ముందు పదకొండు టిప్పర్ ట్రెయిలర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. గార్లండ్ వచ్చిన దగ్గర్నించి ఒక్కదాని చుట్టూనే తచ్చాడుతున్నాడు. అది బాతుమెడ ట్రెయిలర్. దాని ముందు భాగం పైకి లేచి, బాతు మెడలా వంగి, ట్రక్కు తొట్టి నడిమధ్యన బిగించిన ఇనపగుండు మీద కూర్చుంటుంది.

"ఇదే తీసుకుందాం," అన్నాడు, ధరైనా అడక్కుండా.

అతని భార్య ఆర్డిత్‌కి ఒళ్లు మండింది. పొద్దున కాఫీ తాగుతూ ఇద్దరూ ఒక మాట అనుకుని బయల్దేరారు. ట్రక్కు బంపర్ కింద తగిలించుకునే మామూలు ట్రెయిలర్, పద్నాలుగు అడుగులది, కొండదారికి సరిపోయేది. ఇంట్లో బుద్ధిగా తలాడించినవాడు ఇక్కడికి రాగానే అడ్డం తిరిగాడు.

"ఇది మన కల్వర్టు మలుపు దగ్గర ఎట్లా తిరుగుతుందో చెప్పు ముందు. ట్రక్కు దాటేస్తుంది, నిజమే. దీని వెనక చక్రాలు మలుపుని అడ్డంగా కోసుకుంటూ వచ్చి వాగులో దిగుతాయి. జనం కంకర అడిగింది ఇళ్ల ముందు పోయమని, వాగులో కాదు."

"మెల్లగా తిప్పుతా."

"తొట్టి మధ్యలో గుండు పెడితే పారలూ గొలుసులూ ఎక్కడ పెట్టాలి? నా నెత్తిన పెట్టుకోనా?"

"పెట్టుకో. ఆ టోపీ కంటే బాగుంటాయి."

మాటైతే సరదాదే కానీ మొహంలో నవ్వు లేదు. హోబర్ట్ నోట్లో అగ్గిపుల్ల నములుతూ దగ్గరికి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఆ కొండల్లో సగం ట్రెయిలర్లు ఆయన చేతి మీదుగా వెళ్లినవే.

"మొగుడూ పెళ్లాల మధ్యలో దూరి నేనేదీ అమ్మను. బాతుమెడది బరువు బాగా మోస్తుంది, అటూ ఇటూ ఊగదు. బంపర్‌ది ఇరుకు దార్లో చెప్పిన మాట వింటుంది. మీరు తేల్చుకున్నాక పిలవండి," అన్నాడు.

ఆయన అటు తిరగగానే గార్లండ్ గొంతు తగ్గించి అన్నాడు. "ఇది ఊడదు, ఆర్డిత్."

అసలు సంగతి అదీ. ఆర్డిత్ ఇక పోట్లాడలేకపోయింది.

రెండేళ్ల కిందట ఏప్రిల్లో, మంచు విడవని ఒక పొద్దున, గార్లండ్ ఐదు టన్నుల కంకర వేసుకుని కొండ దిగుతుంటే దారి మధ్య గుంతలో ట్రెయిలర్ ఎగిరి ఊడిపోయింది. పాత గొలుసులు రెండూ తెగాయి. పోస్టుడబ్బా దగ్గర ఉత్తరాలు తీసుకుంటున్న టాలివర్ ముసలాయన మీదికి పోయింది. ప్రాణం దక్కింది కానీ కుడికాలు మోకాలి కిందికి తీసేశారు. ఏడాదంతా కొండలెక్కి జిన్‌సెంగ్ అనే మందువేర్లు తవ్వుకునే మనిషి ఆయన. ఇప్పుడు వరండా మెట్లు దిగడానికే కర్ర కావాలి.

పోలీసు వచ్చి చూసినప్పుడు, ట్రెయిలర్‌ని గుండుకి పట్టి ఉంచే లాకులో ఉండాల్సిన పిన్ను లేదు. పిన్ను పెట్టడం మర్చిపోయాడని రాసుకుని వెళ్లిపోయాడు. "పెట్టాను," అని గార్లండ్ ఒట్టేసి చెప్పాడు. నెల గడిచేసరికి "పెట్టాననుకుంటా" అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు. ట్రెయిలర్ తుక్కు కింద అమ్మేశాడు, సామిల్లులో చెక్కలు మొయ్యడానికి కుదిరాడు, ట్రక్కు వెనక్కి వెళ్లి చూడటమే మానేశాడు. ప్రతి శనివారం మాత్రం టాలివర్ ఇంటి ముందు గడ్డి కోసి వస్తాడు. ముసలాయన వరండాలో కూర్చుని చూస్తాడు. తిట్టడు, పొగడడు, లోపలికి రమ్మనడు. మీటరు చూడటానికి వచ్చినవాడికి కూడా కాఫీ పోసే ఊళ్లో, రెండేళ్లలో గార్లండ్‌కి ఆ ఇంట్లో ఒక్క కప్పు కాఫీ పుట్టలేదు.

ఈ వసంతంలో వరదకి ఇళ్ల దారులన్నీ కొట్టుకుపోయాయి. కంకర కోసం ఫోన్ల మీద ఫోన్లు. ఆర్డిత్ చలికాలం నుంచీ బతిమాలి, బెదిరించి, చివరికి మాట్లాడటం మానేసి మొగుణ్ణి ఇక్కడిదాకా లాక్కొచ్చింది. ఈరోజు ట్రెయిలర్ కట్టుకుని వెళ్తే మనిషి మళ్లీ మనిషవుతాడు. ఉత్త ట్రక్కుతో తిరిగి వెళ్తే ఇక ఎప్పటికీ రాడని ఆవిడకి తెలుసు.

"ఒక్కసారి బంపర్‌ది కట్టి చూడు," అంది. "నచ్చకపోతే ఆ బాతుమెడదే తీసుకుందాం. మలుపు సంగతి తర్వాత చూసుకుందాం. ఒక్కసారి, నా కోసం."

గార్లండ్ జేబులోంచి తాళాలు తీశాడు. తర్వాత ట్రక్కెక్కి వెనక్కి నడిపాడు. చెయ్యి మర్చిపోలేదు. ఒక్క పట్టున, బంపర్ కింద బిగించి ఉన్న పాత గుండు సరిగ్గా ట్రెయిలర్ ముక్కు కిందికి వచ్చింది. దిగి వచ్చి జాకీ తిప్పి ముక్కు కిందికి దించాడు. ముక్కు చివరనున్న ఇనప టోపీ గుండు మీద కూర్చుంది. లాకు వేశాడు. పిన్ను తీసుకున్నాడు. పెట్టాడు. లాగి చూశాడు. మళ్లీ లాగి చూశాడు.

"పెట్టాను. చూశావు కదా?"

"చూశాను."

"హోబర్ట్ గారూ, మీరు కూడా చూశారు కదా?"

"చూశానయ్యా. నా కళ్లు బానే ఉన్నాయి. అయితే నా దగ్గర ఒక పద్ధతుంది. ఎవరు కట్టినా, మా ఆవిడ కట్టినా సరే, జాకీ తిప్పి చూడందే గేటు దాటనివ్వను." హోబర్ట్ వంగి జాకీ పిడి పట్టుకున్నాడు. "లాకు వేశాక ముక్కుని పైకెత్తాలి. గుండుని గట్టిగా పట్టుకునుంటే దాంతోపాటు ట్రక్కు వెనక కూడా లేస్తుంది. అప్పుడే నమ్ము."

తిప్పడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, రెండు, ఐదు. ముగ్గురూ ట్రక్కు వెనక చక్రాల వైపే చూస్తున్నారు. ట్రక్కు కదల్లేదు. ఇంకో రెండు చుట్లు తిప్పేసరికి కిర్రుమని ఒక చప్పుడైంది. ఇనప టోపీ గుండుని వదిలేసి పైకి వచ్చేసింది. లాకు వేసింది వేసినట్టే ఉంది. పిన్ను పెట్టింది పెట్టినట్టే ఉంది. కింద గుండు ఒంటరిగా మిగిలింది.

గార్లండ్ వేలితో పిన్నుని తడిమి చూశాడు. "పిన్ను పెట్టాను," అన్నాడు, ఎవరో కాదన్నట్టు.

"పిన్నుదేం తప్పు లేదు." హోబర్ట్ గుండు మీద అరచెయ్యి వేసి చూశాడు. "గుండు చిన్నది. చూడ్డానికి తేడా తెలీదు. లాకు పడుతుంది, పిన్ను దిగుతుంది, సాఫు దారి మీద చెప్పినట్టు వస్తుంది. బరువుతో ఒక్క గుంతలో పడిందా, ఇదిగో ఇట్లా లేచిపోతుంది, నేలకి కొట్టుకున్న దెబ్బకి పిన్నూ ఎగిరిపోతుంది. దీంతో ఎన్నాళ్లు లాగావు?"

"ఆరేళ్లు."

"ఆరు వారాలు కూడా లాగలేవు. మధ్యలో ఎవరో మార్చుంటారు. ఉండు, పెద్ద గుండు పట్టుకొస్తా." హోబర్ట్ దుకాణంలోకి వెళ్లాడు.

గార్లండ్ ట్రెయిలర్ చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. "నేనే తప్పుది కొన్నానేమో. బోల్టు అరిగితే మార్చాను ఒకసారి, అప్పుడేమో. పిన్ను కాకపోతే గుండు. ఎటు తిప్పినా నా దగ్గరికే వస్తుంది."

ఆర్డిత్ వినడంలేదు. గుండు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. రెండేళ్ల తుప్పు. ఆ తుప్పు కింద, గుండు మెడ దగ్గర, గింజంత ఎర్రచుక్క కనిపించింది. గోళ్ల రంగు. ఆవిడ గోళ్ల రంగే.

ఇంట్లో గుండ్లు రెండుండేవి. కంకరకి పెద్దది, తన చెల్లెలి చిన్న ట్రెయిలర్ బండి లాగడానికి చిన్నది. కలిసిపోకుండా చిన్నదానికి తనే చుక్క పెట్టింది. "గుండుకి కూడా సింగారమా," అని గార్లండ్ ఎగతాళి చేశాడు. ఆ ప్రమాదానికి ముందురోజు సాయంత్రం చెల్లెలి బండి తెచ్చిపెట్టడానికి చిన్న గుండు బిగించుకుని వెళ్లింది ఎవరు? తిరిగొచ్చి, పెద్దది మార్చుదామని పానా తీసి నేల మీద పెట్టింది ఎవరు? లోపల ఫోను మోగింది. చెల్లెలే. ఆ కబుర్లలో పొయ్యి మీద చిక్కుడు గింజలు అడుగంటాయి. భోజనాలయ్యాక మార్చుదాం అనుకుంది. మార్చాననే అనుకుంది. ఇన్నాళ్లూ, ఇదిగో ఈ క్షణం దాకా, మార్చాననే అనుకుంది.

బొటనవేలి గోరు చుక్క మీదికి దానంతటదే వెళ్లింది. రంగు ఎండిపోయి పెళుసుగా ఉంది. ఒక్కసారి గీకితే తుప్పుతోపాటు రాలిపోతుంది. హోబర్ట్ పెద్ద గుండు బిగిస్తాడు, ఇది తుక్కులో పడేస్తాడు. లేదా గార్లండ్ అడిగిన బాతుమెడదే కొంటారు, ఇక ఈ గుండుతో పనే ఉండదు. ఈ లోకంలో ఎవరికీ తెలియదు. గార్లండ్ తను మర్చిపోయానని నమ్మి రెండేళ్లు బతికాడు, ఇంకో ఇరవయ్యేళ్లు బతకగలడు.

దుకాణం తలుపు చప్పుడైంది. కంకర మీద హోబర్ట్ అడుగులు వినిపిస్తున్నాయి. గార్లండ్ చక్రం దగ్గర తన రెండు చేతుల్నీ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, అవి ఎవరివో అన్నట్టు. ఆ చేతుల్ని చూడగానే ఆర్డిత్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

"గార్లండ్. ఇటు రా. ఇది చూడు."

వచ్చి వంగాడు. ఆవిడ చుక్క మీంచి గోరు తీసేసింది.

"ముందురోజు చెల్లెలి బండి తెచ్చింది నేనే. తిరిగి మార్చింది లేదు."

అతను చుక్కని చూశాడు.

"నువ్వు మార్చలేదు."

"మార్చాననుకున్నా. ఇప్పటిదాకా అదే అనుకున్నా. ఒట్టు."

"రెండేళ్లు," అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండనిపించింది ఆవిడకి. "అయితే ఆరోజు నేను పిన్ను పెట్టాను."

"పెట్టావు. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు."

గార్లండ్ టోపీ తీసి దాంట్లో మొహం దాచుకున్నాడు. భుజాలు కదిలాయి. ఆర్డిత్ చెయ్యి చాచి, తాకడానికి ధైర్యం చాలక వెనక్కి తీసుకుంది. పెద్ద గుండు పట్టుకుని వచ్చిన హోబర్ట్ పది అడుగుల దూరంలోనే ఆగిపోయి, ఆకాశంలో ఏదో ఉన్నట్టు చూడసాగాడు.

కాసేపటికి గార్లండ్ టోపీ పెట్టుకున్నాడు. "బంపర్‌దే ఇవ్వండి హోబర్ట్ గారూ. మాది ఇరుకు మలుపు."

పెద్ద గుండు తనే బిగించాడు. లాకు వేశాడు, పిన్ను పెట్టాడు, గొలుసులు తగిలించాడు. ఈసారి ఎవర్నీ సాక్ష్యం అడగలేదు. హోబర్ట్ తన పద్ధతి ప్రకారం జాకీ తిప్పి చూసుకుని గేటు తీశాడు. చిన్న గుండు తీసి ఆర్డిత్ ఒళ్లో పెట్టాడు.

ఇల్లు పన్నెండు మైళ్లు. ఒళ్లో ఇనుము చల్లగా, బరువుగా ఉంది. చర్చి దగ్గర ఎడమకి తిరిగితే ఇల్లు. గార్లండ్ కుడికి తిప్పాడు. టాలివర్ గేటు ముందు ట్రక్కు ఆగింది.

"చెప్పిరా," అన్నాడు గార్లండ్, ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ.

ఆర్డిత్ దిగింది. వారం రోజుల గడ్డి బూట్ల మీదికి వంగి ఉంది. ముసలాయన వరండాలో కుర్చీలో ఉన్నాడు, కర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకుని.

"ఇవాళ శుక్రవారం కదా. మీ ఆయన ట్రక్కులోనే కూర్చున్నాడేం?"

"ఇవాళ వచ్చింది ఆయన పని మీద కాదు, టాలివర్ గారూ. నా పని మీద." మెట్ల కింద నిలబడే చెప్పింది. గుండు చూపించింది, చుక్క చూపించింది, ఫోను సంగతీ అడుగంటిన గింజల సంగతీ చెప్పింది. ఏదీ దాచలేదు.

ముసలాయన అంతా విన్నాడు. గుండు అడిగి తీసుకుని చేత్తో తూచి చూశాడు.

"పిన్ను పెట్టానని ఆసుపత్రికి వచ్చి నా మంచం పక్కన ఏడ్చాడు వాడు," అన్నాడు. "అబద్ధాలాడకు, పో అన్నాను."

కర్ర పైకెత్తి, ఆ వయసుకి ఎక్కడిదో తెలియని గొంతుతో అరిచాడు. "ఒరేయ్ గార్లండూ! అక్కడ కూర్చుని పెట్రోలు తగలెయ్యకుండా లోపలికి రావొచ్చు కదరా! కాఫీ కాగుతోంది."

ఇంజను ఆగింది. గార్లండ్ గేటు తీసుకుని గడ్డి మీదుగా వచ్చి, మెట్లెక్కి, తలుపు దగ్గర ఆగాడు. "ఆవిడ కూడా," అన్నాడు, వెనక్కి చూడకుండా.

"ఆవిడ సంగతి రేపు," అన్నాడు టాలివర్. "రేపు శనివారం. గడ్డి ఎవరు కోస్తారో చూద్దాం. కాఫీ మాట తర్వాత ఆలోచిద్దాం."

"ఎనిమిదింటికి వస్తాను," అంది ఆర్డిత్.

దోమతెర తలుపు మూసుకుంది. లోపల కప్పుల చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు వినిపించాయి. తర్వాత, రెండేళ్లలో మొదటిసారి, మొగుడు ఎవరితోనో గొంతెత్తి మాట్లాడటం వినిపించింది. ఆవిడకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

తిరిగి ట్రక్కు దగ్గరికి నడిచింది. లోపల కూర్చోబుద్ధి కాలేదు. వెనక్కి వెళ్లి, కొత్త ట్రెయిలర్ ముక్కు దగ్గర వంగి, జాకీ పిడి పట్టుకుని తిప్పింది. ఒక చుట్టు, రెండు, ఐదు. స్ప్రింగులు మూలిగాయి. ట్రక్కు వెనక భాగం మెల్లగా, ట్రెయిలర్‌తోపాటు పైకి లేచింది.