కుడి పెడలు మీది చెక్క

నాకు ఆరా ఎక్కువ. పక్కింటివాళ్ళు కొత్త తాళం వేస్తే పాత తాళం ఏమైందో అడిగేదాకా అన్నం సయించదు. మా అమ్మ దీన్ని జబ్బు అంటుంది. ఆ జబ్బే ఒకరోజు ఖాజాగూడ బండల వెనక పారేసి ఉన్న సైకిల్‌ని నా చేత మోయించింది.

అది 1998. మాదాపూర్‌లో లేస్తున్న ఆఫీసు భవనాల్లో ఒకదానికి నేను వైరింగు సూపర్‌వైజర్ని. పేరు విశ్వేశ్వరరావు, ఊరు అమలాపురం దగ్గర. మణికొండలో కిరాయి గది. పనికి నడిచి వెళ్ళి నడిచి రావడమే, కొత్త సైకిల్ కొనే స్తోమత లేదు. అందుకే మంచం కోళ్ళు, విరిగిన కిటికీ రెక్కల మధ్య ఆ పాత ఇంగ్లీషు సైకిల్ కనిపించగానే ఆగిపోయాను. చక్రాలు వంకర, సీటు చిరుగు, ఒళ్ళంతా తుప్పు. ఫ్రేము మాత్రం గట్టిగా ఉంది. అన్నిటికన్నా నన్ను పట్టేసింది కుడి పెడలు. దాని మీద ఒక చెక్క దిమ్మ, ట్యూబు పట్టీలతో బిగించి కట్టి ఉంది. ఎడమ పెడలుకి ఏమీ లేదు. ఒకదానికే ఎందుకు?

అక్కడ రాళ్ళు కొడుతున్నతన్ని అడిగితే, "పారేసిందే గదా, తీస్కపో" అన్నాడు.

మణికొండలో సైకిల్ షాపు ఓంకార్ దాన్ని చూసి నవ్వాడు. "రబ్బర్ అరిగితే కట్టె కట్టుకున్నడేమో సార్."

"ఎడమవైపు రబ్బరు కూడా అరిగిపోయింది కదా!"

"సైకిల్ చేయించుకునేందుకు వచ్చిండ్రా, దర్యాప్తు చేసేందుకు వచ్చిండ్రా?"

మా ఇంటి ఓనరు భూలక్ష్మిగారు మొక్కు అయ్యుంటుందని తేల్చేశారు. నేను స్కేలు పెట్టి కొలిచాను. రెండున్నర అంగుళాల మందం. పైన పాదం ఒరిసి ఒరిసి గుంట పడింది. అందులో నా పాదం పెట్టి చూశాను. మడమ ఎగిరింది తప్ప ఏమీ అర్థం కాలేదు.

రెండు నెలల ఆదివారాలు ఆ సైకిల్‌కే పోయాయి. చైను కిరసనాయిల్లో నానబెట్టాను, గరుకు కాగితంతో తుప్పు గీకాను, నల్లరంగు పూశాను. ఓంకార్ సగం అరిగిన టైర్లు వెతికిపెట్టి, చక్రాల వంకర తీశాడు. బెల్లు డొప్ప చిట్లి ట్రింగుమనకుండా టక్కుమనేది. కొత్తది కొనడానికి చేయి ఆడక దాన్నే ఉంచేశాను. చెక్కని మాత్రం విప్పేశాను. పారేయబుద్ధి కాక గది తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను.

ఇక చూడాలి నా దర్జా! ఎదురుగా ఎవరూ లేకపోయినా బెల్లు కొట్టేవాణ్ణి.

మూడో వారం, పొద్దున్నే పనికి వెళ్తుంటే ఖాజాగూడ దగ్గర రోడ్డు పక్క రాయి మీద కూర్చున్న ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. "ఓ సారూ! జర ఆగు. ఆ బెల్లు ఇంకోపారి కొట్టు."

కొట్టాను. ఆయన ముఖం విప్పారింది. "నా సైకిలే. నా చేతుల నుంచే పడి పగిలింది ఆ బెల్లు. మూసాపేటల ఫ్యాక్టరీకి పద్దెనిమిదేండ్లు దీని మీదనే పోయిన."

లేచి నడిచి వచ్చాడు. కుడికాలు పొట్టి. అడుగు అడుగుకీ ఒళ్ళంతా ఆ పక్కకి ఒరిగిపోతోంది. రెండు నెలల నా ఆరా ఆ నాలుగు అడుగుల్లో తీరిపోయింది. తీరినందుకు సంతోషం కలగలేదు, భయం వేసింది.

ఆయన పేరు నర్సింహ. జబ్బు చేసి దవాఖానాలో చేరి, అక్కడి నుంచి తిన్నగా కూతురింటికి వెళ్ళి మూడు నెలలు ఉన్నాడట. తిరిగి వచ్చేసరికి కొడుకు పాత ఇల్లు కూలగొట్టించి సామానంతా బండల్లో పోయించాడు. "అప్పటి సంది సైకిల్ లేక గీ రాయిదాంకనే నా తొవ్వ" అన్నాడు.

నేను హ్యాండిల్ వదల్లేదు. అది గమనించాడో ఏమో, "పరేషాన్ కాకు సారూ. పారేసింది తెచ్చి పానం పోసినవు, ఇగ నీదే" అన్నాడు. "దానికొక కట్టె ఉండె. మా అయ్య చెక్కి ఇచ్చిండు. అది ఉంటె ఇయ్యి, చాలు."

పారేశానంటే అక్కడితో అయిపోయేది. నిజం చెప్తున్నాను, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "గదిలో ఉందండి, ఎక్కండి" అన్నాను. చెక్క ఇచ్చేసి సైకిల్ ఉంచుకోవచ్చు కదా అనుకుంటూ, ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని మణికొండకి తొక్కాను.

గదిలో తలుపు దగ్గర చెక్కని చూడగానే వంగి తీసుకుని పంచెతో తుడిచాడు. నేల మీద పెట్టి, ఆ గుంటలో కుడి పాదం మోపాడు. నిటారుగా నిలబడ్డాడు. నాకంటే పొడుగు మనిషి. ఇంతసేపూ ఆ సంగతే తెలియలేదు నాకు.

గూట్లో దాచిన ట్యూబు పట్టీలు తీసి ఆయన చేతిలో పెట్టాను. "కట్టెయ్యండి. సైకిల్ మీదేనండి."

"నీ పనికెట్ల పోతవు మరి?"

"ఇదివరకు నడవలేదూ?"

ఆయన గుమ్మంలో కూర్చుని పట్టీలు నాలుగు చుట్లు చుట్టి బిగించాడు. సైకిల్ ఎక్కి, వెనక క్యారియర్ మీద అరచేత్తో చరిచాడు. "కూసో."

ఆ తొక్కుడులో ఎక్కడా కుంటు లేదు. వెనక కూర్చుని ఊరుకోలేక అడిగాను. "చెక్క లోపలివైపే ఎక్కువ అరిగింది, ఎందుకండీ?"

"మస్తు అడుగుతవు సారూ నువ్వు" అని నవ్వి టక్కుమని బెల్లు కొట్టాడు.

మాదాపూర్ గేటు దగ్గర దిగి, ఇక వెళ్ళొస్తానన్నాను. ఆయన ఒక కాలు నేలకానించి, చెక్క మీది కాలు అలాగే ఉంచి ఆ భవనాన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"సాయంత్రం ఎన్నింటికి రావాలె సారూ?" అన్నాడు.