మూడో బొంత

పొద్దున్నే బొంతలు గోడకెక్కించడం చెల్లెలి పని. రాత్రి ముగ్గురూ కప్పుకున్న బొంతలే పగలు చిన్నగదిలో మేకులకు వేలాడతాయి. అవి లేకపోతే గోడలు మాటను తిప్పికొడతాయి, మైకు ఆ మోతంతా మింగేస్తుంది. ఆ రోజు కూడా తల్లి బొంతా అన్న బొంతా తగిలించేసి, పళ్ళ మధ్య పట్టుకున్న క్లిప్పులు ఒక్కొక్కటే తీసి తన బొంత అంచుకు పెడుతోంది. అన్న కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఇంకో రోజయితే లేచి ఒక కొస పట్టుకునేవాడే.

ఎనిమిదేళ్ళుగా అతను ర్యాప్ పాడుతున్నాడు. రాసేది తనే, బీట్ కట్టేది తనే, రికార్డు చేసి నెట్‌లో పెట్టేదీ తనే. వెనక కంపెనీ లేదు, ముందు జనమూ పెద్దగా లేరు. సగం రోజు ఫోన్లు బాగుచేసే కొట్లో కూర్చుంటాడు, మిగతా సగం ఈ గదిలో. మైకు ముందు తన పేరు ‘గొడవ’ అని పెట్టుకున్నాడు. ఆ సంగతి తెలిసిన రోజు తల్లి, ఇంట్లో ఉన్నది చాలలేదా నాయనా అని మాత్రం అంది.

ముప్ఫై ఒక్క పాటలు వచ్చాయి, పోయాయి. ముప్ఫై రెండోదానికి అతని గొంతు పట్టేసింది. బీట్ మీద మాటలు ఎక్కడెక్కడ పడాలో గుర్తు కోసం చెల్లెల్ని నిలబెట్టి, నువ్వు ఊరికే చదివెయ్, తర్వాత నా గొంతు పెట్టుకుంటానన్నాడు. ఆమె దర్జీ కొట్లో గుండీలు కుడుతుంది. ఊరికే చదివింది. అయితే ప్రతి వరుసలోనూ చివరి మాట ముందు ఒక రవ్వ ఆగింది, దారం తెంపబోయే ముందు చెయ్యి ఆగినట్టు. ఒకచోట అతను రాసిన నిప్పులూ పిడుగులూ నోరు తిరగక, తనకు తోచింది అనేసింది: “గుండీ ఊడిన చొక్కా తొడుక్కుని, చేత్తో మూసుకుని నవ్వుతాం.”

అతను ఆ వరుసను రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు. బాగుందని అనలేదు. నీళ్ళు తాగి రమ్మన్నాడు.

ఆమె గొంతుతో ఉన్న ఆ ముడిపాటనే, ఫోన్లో పట్టేలా కుదించి, పెద్ద మైదానంలో కచేరీలు జరిపించే నిర్వాహకుడికి పంపాడు. రెండో రోజే ఆయన ఫోన్ చేసి, పాట బాగుంది తమ్ముడూ, వచ్చే నెల కచేరీలో ఇరవై నిమిషాలు నీకే అన్నాడు. ఎనిమిదేళ్ళుగా ఎదురుచూసిన మాట. ఆ మాట చెవిలో చల్లబడకముందే ఇంకోటి అన్నాడు. ఆ అమ్మాయి ఎవరోగానీ ఆ గొంతు మాత్రం కదపకు, తనను కూడా స్టేజీ మీదికి తీసుకురా.

అన్న మొదటి సంగతి ఇంట్లో చెప్పాడు. రెండోది మింగేశాడు.

మింగింది అరగలేదు. చెల్లెలు గిన్నెలు తోముతూ కూనిరాగం తీస్తే లేచి గది తలుపు వేసుకునేవాడు. అసలు ఈ పిల్లకు బీట్ అంటే ఏమిటో చెప్పిందెవరు? మెడ నొప్పి పుట్టేదాకా ఒక్కో చప్పుడూ ఏరి కూర్చింది తను. ఊరికే చదివినందుకు, అదీ ఒక్కసారి చదివినందుకు, మైదానం ఆమెదైపోతుందా? నిద్రలో కూడా ఆమె ఆగిన చోటే అతనూ ఆగేవాడు, చివరి మాట అందక ఉలిక్కిపడేవాడు.

గొంతు బాగుపడగానే తలుపు గడియపెట్టి తనే పాడాడు. చొక్కా వరుస మాత్రం తీసెయ్యలేకపోయాడు. ఆ ఆగడం ఎంతకీ పట్టుబడలేదు. కొలత కోసం హెడ్‌ఫోన్లో ఆమె గొంతు పెట్టుకున్నాడు. ఇంకా కుదరక మోత పెంచాడు, మళ్ళీ పెంచాడు. హెడ్‌ఫోన్‌కు ఎడమవైపు మెత్త చిరిగిపోతే పాత మేజోడు చుట్టుకుని వాడుతున్నాడు. ఆఖరికి కుదిరిందనిపించింది. అప్పుడు ఆమె గొంతున్న ఫైలు చెరిపేశాడు, కంప్యూటర్ చెత్తబుట్టలోంచి కూడా తీసేశాడు, మళ్ళీ మనసు మారకుండా. పాట ఒకసారి విన్నాడు. విన్నదల్లా తన గొంతునే. నిర్వాహకుడికి పంపేశాడు.

నీ గొంతు బీట్ మీద కూర్చోలేదే, మార్చేశానని చెల్లెలితో అంటే, సరే అన్నయ్యా అంది. ఆ సరే కూడా అతనికి నచ్చలేదు.

అందుకే ఈ పొద్దున కొస పట్టుకోలేదు. ఆమె ఆఖరి క్లిప్పు పెడుతుండగా ఫోన్ మోగింది. నిర్వాహకుడు. మెచ్చుకోడానికే అనుకున్నాడు. తల్లిని కేకేసి పిలిచాడు, చెల్లెల్ని వెళ్ళొద్దన్నాడు, వినండని ఫోన్ స్పీకర్లో పెట్టాడు.

“తమ్ముడూ, ఏం చేశావయ్యా నువ్వు?” అన్నాడాయన. “నువ్వు ఆగిన చోటల్లా వెనకాల ఆ అమ్మాయి సన్నగా వినిపిస్తోంది. పాఠం మర్చిపోయినవాడికి పక్కపిల్ల అందిస్తున్నట్టు ఉంది. మా వాళ్ళు పడీ పడీ నవ్వారు.”

అన్న చూపు మేజోడు మీద పడింది. చిరిగిన మెత్తలోంచి ఆమె గొంతు కారి మైకులో పడిందన్నమాట. ఇలాంటిది కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మొదటి రోజే చెప్తారు. తనే ఎంతోమందికి చెప్పాడు.

“ఆ గొంతు కదపొద్దని నేను ఆరోజే చెప్పాను కదా. స్టేజీ మీదికి తీసుకురమ్మని కూడా అన్నానే. నువ్వు ముందు పంపింది ఫోన్లో వినడానికే సరిపోతుంది, మైదానంలో మోగదు; సాయంత్రంలోగా ఆ పాతదాని అసలు ఫైలు పంపు. లేకపోతే ఆ ఇరవై నిమిషాలు ఇంకొకరికి ఇచ్చేస్తాను.”

ఫోన్ ఆగిపోయింది. తల్లి కొడుకు వైపు చూసింది, కూతురి వైపు చూసింది.

“ఆయన దాన్ని రమ్మన్నాడా?” అంది.

కొడుకు ఫోన్ బోర్లించి బల్లమీద పెట్టాడు.

“ఎప్పుడన్నాడురా?”

అతను చెల్లెలి వైపు తిరిగాడు. పాతది లేదనీ, చెరిపేశాననీ నేల చూస్తూ చెప్పాడు. చివరికి, “ఒక్కసారి మళ్ళీ చదువుతావా?” అన్నాడు.

ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. మేజోడు సరిచేసి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. అన్న కొత్తగా పాడిన పాట మొదటినుంచి చివరిదాకా కళ్ళార్పకుండా విన్నది. చొక్కా వరుస ఎక్కడొస్తుందో అతనికి తెలుసు. అక్కడ ఆమె పెదవులు కదిలాయి. తన మాట తనకే దూరంగా, గోడ అవతలినుంచి వినిపించి ఉంటుంది.

హెడ్‌ఫోన్ తీసి తీగ చుట్టి బల్లమీద పెట్టింది. లేచి తన బొంతకు పెట్టిన క్లిప్పులు ఒక్కొక్కటే విప్పింది. బొంత దింపి నాలుగు మడతలు వేసింది.

“చెల్లీ,” అన్నాడు.

ఖాళీ అయిన గోడ ఆ మాటను అతనికే తిప్పికొట్టింది.

తల్లి దారిలోంచి పక్కకు జరిగింది. చెల్లెలు బొంత చంకన పెట్టుకుని, దర్జీ కొట్టు సంచీ భుజానికి తగిలించుకుని, చెప్పులు తొడుక్కుని, గడప దాటి వెళ్ళిపోయింది.