మోగిన పైపు

బానెట్ ఎత్తి పెట్టి, యేసుపాదం లోపలికి వంగి చూస్తున్నాడు. చూసిందే చూస్తున్నాడు. రెండు పక్కలా షాకబ్జర్ల తలలు ఆనుకునే ఇనపరేకు గూళ్ళున్నాయి. ఎడమ గూడు అంచు చీలితే సుభానీ మొన్ననే వెల్డింగ్ పెట్టాడు. యేసుపాదం ఆ అతుకు మీద బొటనవేలు రాసి చూసుకున్నాడు. లేచి కారు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, మళ్ళీ వంగాడు.

"కూసో అన్నా. నువ్వట్టా తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నయ్," అన్నాడు సుభానీ.

గురజాలలో మాచర్ల రోడ్డు పక్కన సుభానీది వెల్డింగ్ షెడ్డు. దాన్ని ఆనుకునే కోటేశ్వర్లు పంక్చర్ల కొట్టు. మధ్యలో గోడకు వేసిన నాపరాయి బల్ల మీద ఊరంతా కూర్చుని పోయింది గాని యేసుపాదం ఏనాడూ కూర్చోలేదు. అన్నం కూడా నిలబడే తింటాడనీ, చర్చిలో సైతం గుమ్మం దగ్గరే నిలబడి ప్రార్థన చేసుకుంటాడనీ కోటేశ్వర్లు నలుగురికీ చెప్పి నవ్వించేవాడు.

మనిషి పొడుగు, సన్నం. వేళ్ళ కణుపుల మీద పాత దెబ్బల తెల్లమచ్చలు. మీసం మొలవకముందే రాళ్ళ క్వారీలో దిగి, ఛాతీ మొరాయించేదాకా నాపరాయి కోశాడు. ఆ తర్వాత లారీ క్లీనరు, ఆ తర్వాత డ్రైవరు. రాయి వదిలి ఏళ్ళయినా రాతిదుమ్ము మాత్రం అతన్ని వదల్లేదు. నాలుగు అడుగులు గట్టిగా వేస్తే దగ్గు, దగ్గు వెనకాల పిల్లికూతలు.

కారు క్వారీ యజమాని కోటిలింగంగారిది, తోలేది యేసుపాదం. జీపులో నడుం పట్టేస్తోందని ఆ చిన్నకారు కొన్నాడు. ఊళ్ళో దాన్ని అగ్గిపెట్టె అంటారు. పట్నం వీధుల్లో తిరగాల్సిన బండి, రాళ్ళ లారీలు గోతులు పెట్టిన దారిలో తిరుగుతోంది. గోతిలో పడ్డప్పుడల్లా రెండు గూళ్ళూ దేనికది ఊగి, స్టీరింగు చేతిలోంచి లాక్కుంటోంది. దానికి సుభానీ ఎరిగిన మందు ఒకటే. రెండు గూళ్ళనూ కలిపి అడ్డంగా ఒక ఇనప సపోర్టు బిగించడం. గుంటూరులో ఒక కారుకు అట్లా ఉండగా చూశాడట.

మామూలుగా అయితే ఆ పని రేపు చేసినా, ఎల్లుండి చేసినా కొంప మునగదు. కానీ పురిటికి వచ్చిన యేసుపాదం కూతురు ఫిలోమినాకు నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగిందని పొద్దున్నే నర్సమ్మ అన్నపూర్ణ చెప్పింది. సాయంత్రంలోగా నరసరావుపేట పెద్దాసుపత్రిలో చేర్చాలంది. దారిలో కుదుపులు తగలనివ్వొద్దని రెండుసార్లు చెప్పింది. కోటిలింగంగారు కారు తీసుకుపొమ్మన్నాడు. అదొక్కటీ కలిసొచ్చింది.

కుదుపంటే ఏమిటో యేసుపాదానికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఫిలోమినాకు ముందు ఒక కొడుకు పుట్టాల్సింది. నొప్పులు పడుతున్న భార్య గ్రేసమ్మను రాళ్ళ లారీలో ఎక్కించుకుని ఇదే దారిన పోయాడు. పిడుగురాళ్ళ దాటేసరికి ఆమె కేకలు ఆగిపోయాయి. గ్రేసమ్మ బతికింది. బిడ్డ దక్కలేదు. కూర్చుంటే ఆ దారి కళ్ళ ముందుకొస్తుంది. తిరుగుతుంటే రాదు.

సుభానీ పాత ఇనుము కుప్పలోంచి రెండు ముక్కలు లాగి పడేశాడు. ఒకటి తుప్పుపట్టిన యాంగిల్, మూలమడత ఉన్న మందపాటి ఇనపపట్టీ. రెండోది నున్నటి పైపు. యాంగిలే బాగుంటుందన్నాడు. యేసుపాదం ఒప్పుకోలేదు. యాంగిల్‌ను ఒంటిచేత్తో ఎత్తిపట్టి స్పానరుతో కొట్టాడు. టప్పుమని ఊరుకుంది. పైపును కొట్టాడు. ఖంగుమని మోగి, చాలాసేపు మోగుతూనే ఉంది.

క్వారీలో రాయిని ఎంచేది అట్లాగే. పలకను సుత్తితో తట్టి చెవి ఒగ్గుతారు. మోగిందా, గట్టి రాయి. మోగలేదా, లోపలెక్కడో చీలిక ఉన్నట్టు. మోగని పలక కింద చెయ్యి పెట్టినవాడి చెయ్యి వాడిది కాదు. తన వేళ్ళు తనకు మిగిలింది ఆ మోత విన్నందువల్లే.

"ఇదే బిగించు," అన్నాడు యేసుపాదం.

"అది రాయి కాదన్నా. పల్చటి పైపు గాబట్టి మోగింది. యాంగిల్ వంగదు, నా మాటిను."

"ముప్పయ్యేళ్ళు ఈ చెవితోనే బతికాన్రా. బిగించు."

సుభానీ పైపు కొసలు ఎర్రగా కాల్చి, సుత్తితో చదునుగా కొట్టి, బెజ్జాలు వేసి గూళ్ళ మీద బోల్టులు బిగించాడు. యేసుపాదం కారెక్కాడు. తారురోడ్డు మీద స్టీరింగు బుద్ధిగా మాట విన్నది. చాల్లే అనుకుని వెనక్కి తిరగొచ్చు. తిరగలేదు. దెబ్బ తగిలేది ఉంటే కూతురు లేనప్పుడే తగలాలని, క్వారీ దారిలో వాగు మీది విరిగిన చప్టా మీదికి కావాలనే వేగంగా తోలాడు. కారు దబ్బున పడింది. స్టీరింగు చేతిలోంచి గుంజుకుంది. దిగి బానెట్ ఎత్తితే, పైపు నడిమధ్యన విల్లులా వంగి ఉంది.

మండే ఎండలో ఆ పైపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. దగ్గు తెర ఆగకుండా వచ్చింది. బానెట్ పట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాడు.

షెడ్డు ముందు కారు ఆగగానే కోటేశ్వర్లు ట్యూబు నీళ్ళతొట్టిలో ముంచుతూ, "ఏంది యేసుపాదం, పాట అప్పుడే అయిపోయిందా?" అన్నాడు. యేసుపాదం దిగి బానెట్ ఎత్తాడు. యాంగిల్ అప్పటికే కొలతకు కోసి ఉంది. బెజ్జాలు కూడా వేసి ఉన్నాయి.

"ముందే కోశావేందిరా?"

"వస్తావని తెలుసుగా."

యేసుపాదం ముఖాన చిన్న నవ్వు కదిలి పోయింది. యాంగిల్ బిగిస్తుంటే గూడు మీద రెండు చేతులూ ఆనించి తన బరువంతా వేసి ఊపాడు. ఇందాకటిలా దేనికది కదల్లేదు. కారు ముందుభాగమంతా ఒక్కటిగా కిందికి దిగి, ఒక్కటిగా లేచింది. మళ్ళీ ఊపాడు. తృప్తిగా తలాడించాడు. కుండలో నీళ్ళు తాగి, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని, బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. గోడకు తల ఆనించాడు.

కోటేశ్వర్లు అది చూసి ఏదో అనబోయి, పోనీలే పాపం అని ఊరుకున్నాడు.

సుభానీ బానెట్ కిందనుంచే చెబుతూ పోయాడు. పేటలో ఆసుపత్రి గేటు దాకా కారు పోతుందనీ, మనవడు పుడితే తనకు బిరియానీ పెట్టించాలనీ. ఆఖరి బోల్టు బిగించి, "అన్నా, అయిపోయింది. స్టార్టు చెయ్యి," అన్నాడు. మళ్ళీ పిలిచాడు. కోటేశ్వర్లు తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టాడు. చాలాసేపు అట్లాగే పెట్టి ఉంచాడు.

పొద్దు వాలుతోంది. ఏడవడానికి వ్యవధి లేదు. శవం దగ్గర కోటేశ్వర్లు ఉన్నాడు. ఆ గుప్పిట్లోంచి తాళంచెవి తీసుకుని సుభానీ కారు తోలుకుపోయాడు. గ్రేసమ్మను పెరట్లోకి పిలిచి చెప్పాడు. ఆమె గోడ పట్టుకుని నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి, "పిల్లకు చెప్పబాక. నువ్వు తోలు," అంది. అన్నపూర్ణ వెనక సీట్లో ఎక్కి ఫిలోమినా తల ఒళ్ళో పెట్టుకుంది. గ్రేసమ్మ ఇంట్లో పని ఉందని చెప్పి ఆగిపోయింది.

ఊరు దాటాక ఫిలోమినా అడిగింది, "నాన్నేడి బాబాయ్?"

సుభానీ దారి మీంచి చూపు తిప్పలేదు.

"షెడ్డు కాడ కూసున్నాడమ్మా."

"నాన్నా? కూసున్నాడా?" నొప్పిలోనే ఫిలోమినా నవ్వింది.

పిడుగురాళ్ళ దాటాక గోతులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కారు దిగింది, లేచింది. స్టీరింగు గుంజలేదు. వెనక ఫిలోమినా మూలుగుతూనే ఉంది. మూలుగు వినిపిస్తున్నంతసేపూ సుభానీకి ధైర్యంగా ఉంది. పేటలో కడుపు కోసి బిడ్డను తీశారు. మగపిల్లాడు. గట్టిగా ఏడ్చాడు.

పాత ఇనుము కొనేవాడు షెడ్డుకు వచ్చినప్పుడల్లా సుభానీ కుప్పంతా తూకం వేయిస్తాడు, ఆ ఒక్కటీ తప్ప. మాచర్ల రోడ్డున రాళ్ళ లారీ పోయినప్పుడల్లా, బల్ల పక్కన గోడకు ఆనించిన ఆ వంగిన పైపు సన్నగా మోగుతుంది.